తొలి మారథానా... ముందు కార్తెలు చూసుకోండి
మృగశిరలో అడుగు వేస్తే సంక్రాంతి నాటికి సిద్ధం

ఎడ్లపాడు: తెల్లవారుజామున నాలుగున్నర అయ్యేసరికి జాతీయ రహదారి పక్కనున్న సర్వీసు రోడ్డు మీద అడుగుల చప్పుడు మొదలవుతుంది. కానిస్టేబుల్ కొలువు కోసం పరుగెత్తేవారు కొందరు, సైన్యంలో చేరాలని పరుగెత్తేవారు మరికొందరు. చక్కెర వ్యాధి అదుపులో ఉంచుకోమని వైద్యుడు చెప్పగా నడక మొదలుపెట్టి, నడక కాస్తా పరుగుగా మారినవారు ఇంకొందరు. కొన్నేళ్లుగా వీరి కబుర్లలోకి కొత్త మాట వచ్చి చేరింది. అదే మారథాన్. హైదరాబాద్‌లోనో విశాఖలోనో పరుగు ముగించి మెడలో పతకంతో నిలబడిన మిత్రుడి ఫొటో ఫోనులో కనిపించగానే ‘మనమూ ఒకసారి’ అనిపించడం సహజం. ఆ వెంటనే ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. ఎలా సిద్ధం కావాలి? ఎవరు రాసిన ప్రణాళికను నమ్ముకోవాలి?

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. చిలకలూరిపేట నుంచి గుంటూరుకు దాదాపు అంత దూరం ఉంటుంది. 1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్‌లో దూరం ఇంతకంటె కొంచెం తక్కువే. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తించిన దూరాన్నే 1921లో ప్రామాణికంగా ఖరారు చేశారు. మన దేశంలో 1978లో జలంధర్‌లో శివనాథ్ సింగ్ 2 గంటల 12 నిమిషాల్లో ఈ దూరం ముగించి దశాబ్దాల పాటు చెరగని రికార్డు నెలకొల్పారు. సామాన్యులకు ఆ కాలాలతో పని లేదు. తొలిసారి పరుగెత్తేవారిలో ఎక్కువ మంది అయిదారు గంటలు రోడ్డు మీద ఉంటారు. వారి ప్రణాళిక కూడా ఆ అయిదారు గంటలకు తగినట్టే ఉండాలి.

ఫోను తెరిస్తే 12 వారాలవి, 16 వారాలవి, 90 రోజులవి అంటూ వందల ప్రణాళికలు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు తప్పుడువేమీ కావు. ఎవరి కోసం రాశారో వారికి అవి పనికివస్తాయి. చలిదేశంలో కార్యాలయ ఉద్యోగి కోసం రాసిన పట్టిక, మే నెలలో మూడు షిఫ్టుల స్పిన్నింగ్ మిల్లు కార్మికుడికి ఎందుకు సరిపోతుంది? కాబట్టి ప్రణాళిక ఎంపిక అంటే మంచి కాగితాన్ని వెతుక్కోవడం కాదు. మన కాళ్లు ఇవాళ ఎంత దూరం మోయగలవు, మన వారంలో ఎన్ని గంటలు ఖాళీగా ఉన్నాయి, పోటీ నాటికి మన ఊళ్లో ఏ కాలం నడుస్తుంది అన్న మూడు సంగతులు తేల్చుకుని, వాటికి సరిపడే కాగితాన్ని తీసుకోవడమే.

పదహారు వందల లెక్క వేరు

మన ప్రాంత యువకులకు పరుగంటే 1600 మీటర్లే. రాష్ట్ర పోలీసు నియామకాల్లో సివిల్ కానిస్టేబుల్ పోస్టుకు పురుషులు ఈ దూరాన్ని 8 నిమిషాల్లో, మహిళలు పదిన్నర నిమిషాల్లో ముగించాలి. సైన్యం ర్యాలీలో అయిదున్నర నిమిషాల్లోపు చేరినవారికి పూర్తి మార్కులు. అందుకే ఇక్కడి కుర్రాళ్లు రోజూ ఊపిరి బిగబట్టి, గడియారం చూసుకుంటూ పరుగెడతారు. ఎనిమిది నిమిషాలంటే కిలోమీటరుకు అయిదు నిమిషాలు. అదే వేగంతో సాగితే మారథాన్ మూడున్నర గంటల్లో అయిపోవాలి కదా అని లెక్క వేస్తారు. కాగితం మీద లెక్క సరైనదే. రోడ్డు మీద మాత్రం తప్పుతుంది.

కారణం ఉంది. మన కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ అంటారు. వేగంగా పరుగెత్తేకొద్దీ శరీరం దానినే ఎక్కువగా ఖర్చు చేస్తుంది. సుమారు 30 కిలోమీటర్లు దాటాక ఆ నిల్వ అడుగంటుతుంది. ఒక్కసారిగా కాళ్లు బిగుసుకుపోయి, అడుగు తీసి అడుగు వేయలేని స్థితి వస్తుంది. రన్నర్లు దీనిని ‘గోడకు కొట్టుకోవడం’ అంటారు. నెమ్మదిగా, ఎక్కువసేపు పరుగెత్తడం అలవాటైన శరీరం కొవ్వును కూడా ఇంధనంగా వాడుకోవడం నేర్చుకుంటుంది. ఆ నేర్పు రోజూ గడియారంతో పోటీపడితే రాదు. వారంలో ఎక్కువ పరుగులు పక్కవాడితో మాట్లాడుతూ సాగగలిగేంత నిదానంగా ఉంటేనే వస్తుంది.

రెండో కారణం మరింత ముఖ్యమైనది. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే పరుగుకు అలవాటు పడతాయి. స్నాయువులకు, ఎముకలకు నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని దూరం పెంచేవారు సరిగ్గా ఈ తేడా దగ్గరే దెబ్బతింటారు. వారానికి మూడు రోజులు 1600 మీటర్లు పరుగెత్తే యువకుడు చేసేది వారం మొత్తానికి అయిదు కిలోమీటర్లకు మించదు. సులువైనవిగా పేరున్న మారథాన్ ప్రణాళికల్లో సైతం మొదటి వారమే 24 కిలోమీటర్లు ఉంటుంది. అయిదు నుంచి ఇరవై నాలుగుకు ఒకే గంతు అన్నమాట.

ఈ విలేకరి సొంత అనుభవమూ అదే. నలభై దాటిన ఏడాది, ఆగస్టులో జరిగే పోటీకి రుసుము కట్టి, మే నెలలో ఫోనులో దొరికిన 12 వారాల పట్టికతో మొదలుపెట్టడం జరిగింది. అయిదో వారానికి ముంగాలి ఎముక మీద వేలు పెడితే భరించలేని నొప్పి. నొప్పి మాత్రలు మింగి మరో పది రోజులు పరుగెత్తడంతో అసలుకే మోసం వచ్చింది. ఎముక మీద సన్నని పగులు మొదలైందని, ఆరు వారాలు కాలికి పని చెప్పవద్దని వైద్యుడు తేల్చారు. కట్టిన రుసుము పోతే పోయింది. మోటారు సైకిలుకు కిక్కు కొట్టలేక ఊళ్లు తిరగడం ఆగి, వార్తలకు ఇంకొకరి మీద ఆధారపడాల్సి రావడమే ఎక్కువ బాధించింది.

విలేకరికి పోయింది నెలన్నర. కొలువు కోసం ఎదురుచూసే యువకుడికి పోయేది అంతకంటె పెద్దది. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు ప్రకటన వెలువడింది. 2023 జనవరిలో ప్రాథమిక పరీక్ష జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది మాత్రం 2024 డిసెంబరు 30న. తేదీ ఎప్పుడు వస్తుందో తెలియక దాదాపు రెండేళ్లు అభ్యర్థులు మైదానాల్లోనే గడిపారు. అలాంటి నిరీక్షణలో ఉన్నవారు మారథాన్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. సరదా తీర్చుకోవాలనుకుంటే 10 కిలోమీటర్ల పరుగు చాలు. దాని సాధన 1600 మీటర్లకు చెరుపు చేయదు సరికదా, కొంత దన్నుగా కూడా ఉంటుంది. పూర్తి మారథాన్ ఉద్యోగం వచ్చాక కూడా ఉంటుంది, ఎక్కడికీ పోదు.

పోటీ ఏ నెలలో?

ప్రణాళిక ఎంచుకునే ముందు పోటీని ఎంచుకోవాలి. చాలామంది దీనిని తిరగేసి చేస్తారు. మన రాష్ట్ర రన్నర్లకు అందుబాటులో ఉన్న పెద్ద పోటీలు ప్రధానంగా నాలుగు. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివరి వారాల్లో జరుగుతుంది. 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ బృందం 2011 నుంచి దీనిని నిర్వహిస్తోంది. విశాఖలో నౌకాదళం నిర్వహించే వైజాగ్ నేవీ మారథాన్ ఇటీవలి సంవత్సరాల్లో నవంబరు, డిసెంబరు నెలల్లో జరిగింది. చెన్నై మారథాన్ జనవరి ఆరంభంలోను, 2004లో మొదలైన ముంబయి మారథాన్ జనవరి మూడో ఆదివారం నాడు జరుగుతాయి.

ఇప్పుడు వెనక్కి లెక్కించి చూడండి. తొలిసారి పరుగెత్తేవారికి 18 వారాల ప్రణాళికలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. హైదరాబాద్ పోటీకి 18 వారాలంటే ఏప్రిల్ మూడో వారంలో మొదలుపెట్టాలి. ఆరో వారానికి రోహిణి కార్తె వస్తుంది. రోళ్లు పగిలే ఎండలంటారు. పల్నాడు జిల్లా రెంటచింతల పేరు వేసవిలో ఏటా వార్తల్లోకి ఎందుకు వస్తుందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. 45 డిగ్రీలు దాటిన పగటి తర్వాత తెల్లవారుజామున కూడా నేల సెగ తగ్గదు. సరిగ్గా ఆ వారాల్లోనే దూరం పెంచాలని పట్టిక చెబుతుంది. పైగా హైదరాబాద్ దారి ఎత్తుపల్లాల దారి. నెక్లెస్ రోడ్డు దగ్గర బయలుదేరి గచ్చిబౌలి స్టేడియం చేరేలోగా వరుసగా ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి. అనుభవమున్న వారికే అది గట్టి పరీక్ష. ఈ ప్రాంతంలో ఉండి తొలి మారథాన్‌కు హైదరాబాద్‌ను ఎంచుకోవడం తెలివైన పని కాదని ఈ విలేకరి అభిప్రాయం. అక్కడే పరుగెత్తాలన్న కోరిక ఉంటే 10 కిలోమీటర్లో, హాఫ్ మారథానో చేసి రావచ్చు.

విశాఖ పోటీ డిసెంబరు మధ్యలో జరిగితే శిక్షణ ఆశ్లేష కార్తెలో, అంటే ఆగస్టు రెండో వారంలో మొదలవుతుంది. ఎండ బెడద తక్కువ. సుదీర్ఘ పరుగులు మాత్రం అక్టోబరు, నవంబరుల్లో పడతాయి. అది తుపానుల కాలం. 2025 అక్టోబరు చివరలో మొంథా తుపాను తీరం దాటినప్పుడు కోస్తా జిల్లాల్లో జనజీవనమే స్తంభించింది. పరుగుల మాట చెప్పాలా? ఈ పోటీకి సిద్ధమయ్యేవారు 18 వారాల పట్టికను 20 వారాలుగా పరిగణించి, రెండు వారాలను వానకు వదిలేయాలి. తీరం వెంబడి పరుగు కాబట్టి ఉక్క కూడా ఉంటుంది.

ఇక జనవరి. ముంబయి పోటీకి 18 వారాలు వెనక్కి వెళితే సెప్టెంబరు మధ్య, ఉత్తర కార్తె మొదలు. చలి పెరిగేకొద్దీ దూరం పెరుగుతుంది. అత్యంత సుదీర్ఘ పరుగులు డిసెంబరు మంచులో పడతాయి. పల్నాడు వాతావరణానికి ఇంతకంటె అనువైన అమరిక లేదు. అంతకుముందు జూన్ రెండో వారంలో, మృగశిర చల్లబడగానే నడక, పరుగు కలిపి మొదలుపెడితే ఉత్తర కార్తె వచ్చేలోగా 14 వారాలు చేతిలో ఉంటాయి. ఏమీ పరుగెత్తనివారిని 9 వారాల్లో 5 కిలోమీటర్లకు చేర్చే ‘కౌచ్ టు 5కె’ అనే ప్రణాళిక 1996 నుంచి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. అది ముగిశాక మిగిలిన 5 వారాల్లో వారానికోసారి పరుగును 10 కిలోమీటర్లకు పెంచుకోవచ్చు. అప్పుడు మాత్రమే మారథాన్ పట్టికలోని మొదటి వారం మన శక్తికి అందుతుంది. మొత్తం కలిపితే 32 వారాలు. ఎక్కువ అనిపించవచ్చు. మిరప కూడా నారు పోసిన వారానికే కోతకు రాదు కదా.

ఈ అమరికకూ ఇబ్బందులు లేకపోలేదు. పత్తి తీతలు నవంబరు, డిసెంబరుల్లో ముమ్మరంగా సాగుతాయి. మిరప కోతలు జనవరి నుంచి మొదలవుతాయి. రోజంతా నడుం వంచి పనిచేసినవారికి మరునాడు 25 కిలోమీటర్ల పరుగు సాధ్యం కాదు. సొంత సేద్యం ఉన్నవారు, కూలికి వెళ్లేవారు ఆ సంవత్సరం హాఫ్ మారథాన్‌తో సరిపెట్టుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. సంక్రాంతి సంగతి కూడా చెప్పుకోవాలి. పోటీకి నాలుగు రోజుల ముందు అరిసెలు, గారెలు ఎదురుగా ఉంటాయి. నిగ్రహం ఎవరికి వారే అలవరచుకోవాలి.

పేరున్న ప్రణాళికలు ఏం చెబుతాయి?

ప్రపంచంలో లక్షల మంది వాడిన ప్రణాళికలు కొన్ని ఉన్నాయి. అమెరికా రచయిత హాల్ హిగ్డన్ కొత్తవారి కోసం రూపొందించినది 18 వారాల పట్టిక. వారానికి నాలుగు రోజులు పరుగు, ఒక రోజు సైకిలు వంటి వేరే వ్యాయామం, రెండు రోజులు విశ్రాంతి. వారాంతపు సుదీర్ఘ పరుగు 10 కిలోమీటర్లతో మొదలై 32 కిలోమీటర్ల దాకా పెరుగుతుంది. ప్రతి మూడో వారం దూరం తగ్గుతుంది. చివరి మూడు వారాలు శరీరాన్ని తేరుకోనివ్వడానికే. ఇందులో వేగపు పరుగులు లేవు. తొలిసారి పరుగెత్తేవారికి ఇది అతిపెద్ద సుగుణం. అయితే పదిహేనో వారంలో మామూలు పనిరోజున 16 కిలోమీటర్లు ఉంటాయన్నది గమనించాలి. నెమ్మదిగా పరుగెత్తేవారికి అందుకు రెండు గంటలు పైగా పడుతుంది. ఆరు గంటలకు షిఫ్టు ఎక్కేవారు మూడున్నరకే రోడ్డెక్కాలి.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10 వేల మీటర్ల పరుగులో పాల్గొన్న జెఫ్ గాలొవే పద్ధతి మరొకటి. కొంత పరుగు, కొంత నడక, మళ్లీ పరుగు. అలసిపోయాక నడవడం కాదు, మొదటి నిమిషాల నుంచే నడక విరామాలు తీసుకోవడం ఇందులో కిటుకు. వారానికి మూడు రోజులే పరుగు. నడిస్తే పరువు తక్కువని మనవాళ్లు అనుకుంటారు. లెక్క చూస్తే ఆ అపోహ పోతుంది. కిలోమీటరుకు ఏడున్నర నిమిషాల వేగంతో నాలుగు నిమిషాలు పరుగెత్తి, కిలోమీటరుకు 11 నిమిషాల వేగంతో ఒక నిమిషం చురుగ్గా నడుస్తూ చివరిదాకా సాగితే మారథాన్ 5 గంటల 40 నిమిషాల్లోపే పూర్తవుతుంది. మొదట పది కిలోమీటర్లు జోరుగా వెళ్లి ఆ తర్వాత కాళ్లీడ్చుకుంటూ వచ్చేవారిలో ఎందరో దీనికంటె వెనుకబడతారు. నలభై దాటినవారికి, బరువు ఎక్కువ ఉన్నవారికి, వారంలో మూడు ఉదయాలకు మించి దొరకనివారికి ఈ పద్ధతే మేలు. కాలు బాగుపడ్డాక ఈ విలేకరి ఈ పద్ధతితోనే తొలి మారథాన్ ముగించగలిగాడు.

హాన్సన్స్ పద్ధతిలో సుదీర్ఘ పరుగు 26 కిలోమీటర్లకు మించదు. ఇది చూసి సులువనుకుంటారు. వారానికి ఆరు రోజులు పరుగెత్తాలన్న సంగతి తర్వాత తెలుస్తుంది. అలసట తీరకముందే మళ్లీ పరుగెత్తించడమే దాని సూత్రం. అమెరికాలోని ఫర్మన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పద్ధతి వారానికి మూడు పరుగులే అడుగుతుంది. కానీ ఆ మూడూ కఠినమైనవే, ప్రతిదానికీ వేగం నిర్ణయించి ఉంటుంది. ఈ రెండూ ఒకటి రెండు మారథాన్లు చేసినవారికి తగినవి. తొలిసారికి వద్దు.

ఇటీవల ఫోను యాప్‌లు, చేతి గడియారాలు మన వేగం చూసి తామే పట్టిక ఇస్తున్నాయి. వాటితో తప్పు లేదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చామనో, పొలంలో మందు కొట్టి వచ్చామనో మనం చెబితే తప్ప వాటికి తెలియదు. ఆ రోజు గడియారం ఏమి చెప్పినా పడుకోవడమే శిక్షణ.

ఏ కాగితమైనా సరే, చేతిలోకి తీసుకోగానే చూడాల్సింది మొదటి వారం. గత నెల రోజుల్లో మనం చేసిన అతి పొడవైన పరుగు, పట్టికలోని మొదటి సుదీర్ఘ పరుగు దగ్గరదగ్గరగా ఉన్నాయా? లేకపోతే ఆ కాగితం మనది కాదు. వారానికి పది శాతానికి మించి దూరం పెంచవద్దని చాలాకాలంగా ఒక సూత్రం ప్రచారంలో ఉంది. 2008లో నెదర్లాండ్స్‌లో కొత్త రన్నర్ల మీద జరిపిన అధ్యయనంలో ఆ సూత్రం పాటించినవారికీ, పాటించనివారికీ గాయాలు ఇంచుమించు సమానంగానే అయ్యాయి. ఇరువర్గాల్లోనూ అయిదుగురిలో ఒకరు గాయపడ్డారు. 2025లో డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 5 వేలమందికి పైగా రన్నర్లను పరిశీలించి ఇంకో కోణం చూపారు. వారం మొత్తం దూరం కంటె, ఒకే ఒక్క రోజు అంతకుముందు నెలలో చేసిన అతి పొడవైన పరుగును బాగా మించిపోవడమే గాయాలకు దారితీస్తోందని వారు గుర్తించారు. 12 కిలోమీటర్లు చేసినవాడు ఆదివారం స్నేహితులతో కలిసి ఉత్సాహంలో 24 చేయడం అన్నింటికంటె ప్రమాదకరం. మన దగ్గర జరిగేదీ అదే.

రెండోది, సుదీర్ఘ పరుగుకు పట్టే సమయం. కిలోమీటరుకు ఎనిమిది నిమిషాలు తీసుకునేవారికి 32 కిలోమీటర్లంటే నాలుగు గంటల పదహారు నిమిషాలు. మూడు, మూడున్నర గంటలు దాటిన తర్వాత లాభం తగ్గి గాయాల ముప్పు పెరుగుతుందన్నది పలువురు శిక్షకుల మాట. నెమ్మదిగా సాగేవారు దూరాన్ని పట్టించుకోకుండా మూడున్నర గంటల దగ్గర ఆపేయడమో, నడక విరామాల పద్ధతికి మారడమో చేయాలి. వారం వారం దూరం పెరుగుతూనే ఉండి, మధ్యలో తగ్గింపు వారాలు లేని పట్టికను పక్కన పెట్టాలి. చివర కనీసం రెండు వారాల సడలింపు లేకపోయినా అంతే.

ఆడవారి ఇబ్బందులు పట్టికల్లో ఉండవు

ఈ ప్రణాళికలన్నీ తెల్లవారుజామున ఎవరైనా తలుపు తీసుకుని బయటకు వెళ్లగలరనే ధీమాతో రాసినవి. మన ఊళ్లలో మహిళకు నాలుగింటికి ఇంటి పని మొదలవుతుంది. చీకట్లో ఒంటరిగా పరుగెత్తే పరిస్థితీ లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి పాఠశాల మైదానంలో పరుగెత్తడం, వారంలో మూడు రోజుల ప్రణాళికనే ఎంచుకోవడం ఆచరణలో నిలిచే మార్గం. 400 మీటర్ల చుట్టులో పది కిలోమీటర్లంటే 25 చుట్లు. విసుగు పుట్టించే మాట నిజమే కానీ భద్రత ఉంటుంది. చుట్టు దిశను మధ్యలో మారిస్తే ఒకే కాలి మీద భారం పడదు.

ఇంకో సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనతతో మారథాన్ శిక్షణ మొదలుపెడితే ఆయాసం, నీరసం తప్ప పురోగతి ఉండదు. ప్రణాళిక మార్చినా ఫలితం ఉండదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకుని, తక్కువుంటే ముందు దానిని సరిచేసుకోవాలి. స్త్రీ పురుషులు ఎవరైనా సరే నలభై దాటితే, రక్తపోటు, చక్కెర, గుండె జబ్బుల చరిత్ర ఇంట్లో ఉంటే వైద్యుని అనుమతి లేకుండా మొదలుపెట్టరాదు. పరుగులో ఛాతీలో బిగింపు, కళ్లు తిరగడం కనిపిస్తే ఆ క్షణమే ఆపాలి.

పిల్లలను పూర్తి మారథాన్‌కు సిద్ధం చేయాలనే తల్లిదండ్రులూ ఉన్నారు. సాధారణంగా 18 ఏళ్లు నిండనివారికి అందులో ప్రవేశం ఉండదు. 2006లో ఒడిశాలో నాలుగేళ్ల బుధియా సింగ్‌తో పూరి నుంచి భువనేశ్వర్ దాకా 65 కిలోమీటర్లు పరుగెత్తించడం, ఆ తర్వాత ప్రభుత్వమే అడ్డుకోవడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

నీరు, తిండి, మాత్రలు

మంచి ప్రణాళిక సుదీర్ఘ పరుగుల్లోనే తిండిని కూడా సాధన చేయిస్తుంది. గంటన్నర దాటే ప్రతి పరుగులోనూ మధ్యలో ఏదో ఒకటి తీసుకోవడం అలవాటు చేసుకోవాలి. పట్నంలో అమ్మే జెల్ ప్యాకెట్లే కావాలని లేదు. అరటిపండు, ఖర్జూరం, బెల్లం ముక్క ఏది పడుతుందో ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. పోటీ రోజున కొత్త పదార్థం, కొత్త బూట్లు రెండూ వద్దు.

నీరు తాగకపోతే ప్రమాదమని అందరికీ తెలుసు. ఎక్కువైనా ప్రమాదమేనని కొద్దిమందికే తెలుసు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తాన్ని పరీక్షించగా 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికంటె తక్కువగా ఉంది. దాహానికి మించి అదేపనిగా నీళ్లు తాగడం దీనికి ముఖ్య కారణం. దాహమైనప్పుడు తాగడం, చెమట ఎక్కువ పట్టే మన వాతావరణంలో ఉప్పు కలిసిన మజ్జిగో, ఓఆర్ఎస్ ద్రావణమో తీసుకోవడం మేలు.

నొప్పి మాత్రల విషయంలో మన ఊళ్లలో ఉన్న ధీమా భయం కలిగిస్తుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి మింగి సుదీర్ఘ పరుగుకు దిగితే, ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో మూత్రపిండాలు దెబ్బతినే అవకాశం ఉంది. మాత్ర నొప్పిని కనిపించకుండా చేస్తుందే కాని, పగిలిన ఎముకను అతకదు. కండరాల బరువు రెండు రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. ఒకేచోట వేలు పెడితే నొప్పి, పరుగు సాగేకొద్దీ పెరిగే నొప్పి, కుంటించే నొప్పి ఉంటే పట్టికను మడిచి వైద్యుని దగ్గరకు వెళ్లాలి. ఒక వారం మానేస్తే సాధన పోదు. ఆ వారం దూరాన్ని తర్వాతి వారంలో కలిపి చేయాలని మాత్రం చూడకూడదు.

ఎక్కడ పరుగెత్తాలి?

జాతీయ రహదారి అంచున పరుగెత్తడం మానుకోవాలి. లారీ డ్రైవరుకు తెల్లవారుజామున నిద్రమత్తు, రన్నరు చెవిలో పాటలు. రెండూ కలిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. సర్వీసు రోడ్డు తప్పనిసరైతే ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించే వైపున, వెలుగు పడితే మెరిసే పట్టీలు కట్టుకుని, చెవులు ఖాళీగా ఉంచుకుని పరుగెత్తాలి. మెత్తని మట్టి ఉన్న డొంక దారులు కాళ్లకు హాయి. వాన పడిన మరునాడు మాత్రం నల్లరేగడి బూట్లను వదలదు. వారంలో ఒక్క పరుగైనా తారు రోడ్డు మీద ఉండాలి, పోటీ జరిగేది దాని మీదే కనుక.

ఎత్తుల సాధనకు మన మండలంలో కొండవీడు ఉంది. రెడ్డిరాజులు ఏలిన ఆ కోటకు ఇప్పుడు ఘాట్ రోడ్డు పడింది. మలుపుల దగ్గర వాహనాలు కనిపించవు కాబట్టి పూర్తిగా తెల్లవారాకే వెళ్లాలి. పైకి పరుగు, కిందికి నడక అన్నది కొత్తవారికి నియమం. దిగేటప్పుడు పరుగెడితే మోకాళ్ల మీద, తొడల మీద పడే భారం ఎక్కేటప్పటికంటె ఎక్కువ. రెండు వారాలకోసారి చాలు. ముంబయికి, విశాఖకు ఇది సరిపోతుంది. హైదరాబాద్‌కు వెళ్లదలచినవారు దీనిని వారానికోసారి చేయాలి.

చివరగా రుసుము. డబ్బు కట్టేముందు నిర్వాహకుల నిబంధనలు మూడు చదవాలి. ఎన్ని గంటల్లో ముగించాలన్న గడువు, గతంలో చేసిన పోటీల ధ్రువపత్రం అడుగుతారా లేదా, గాయమైతే రుసుము వాపసు ఇస్తారా లేక వచ్చే ఏడాదికి మారుస్తారా అన్నవి. చాలాచోట్ల వాపసు ఉండదు. ఆరు గంటల గడువుంటే కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాలు, ఏడు గంటలుంటే దాదాపు పది నిమిషాలు. డిసెంబరులో చేసే 25 కిలోమీటర్ల పరుగు ఆ వేగంతో సాగకపోతే, నిర్వాహకులు అనుమతించిన చోట హాఫ్‌కు మార్చుకునే గడువు తేదీ కూడా చూసి పెట్టుకోవాలి. పతకం దానికీ ఇస్తారు.